ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టి వస్తానంటున్నాడు మా తమ్ముడు, నిజంగా ఎంత ప్రమాదం?

తిరుచానూరు_అక్క:
మాది తిరుపతి. మా తమ్ముడు మెకానికల్ డిప్లొమా చేసి శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. కొన్నాళ్లుగా ఒకటే పాట, ఎప్పటికైనా తెరచాప పడవలో ఒక్కడే ప్రపంచం చుట్టి వస్తాడట. మా అమ్మ సముద్రం చూసిందే తూపిలిపాళెంలో, అదీ ఒడ్డున నిలబడి. ఈ మాట విన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. వాణ్ణి ఆపాలని నాకు లేదు, కానీ ప్రమాదాల గురించి అడిగితే "అన్నీ చూసుకుంటాలే అక్కా" అని దాటేస్తాడు. తెలిసినవాళ్లు దాచకుండా చెప్పండి. ప్రాణం మీదికి వచ్చేది దేనివల్ల? వెళ్లినవాళ్లు ఎలా తట్టుకున్నారు?

పలమనేరు_నావికుడు:
అక్కా, నేను పనిచేసేది సరుకు ఓడల్లో, కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. అందరూ తుఫాను గురించే భయపడతారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద గండం కాలు జారి నీళ్లలో పడడం. ఒంటరి పడవల్లో ఎక్కువసేపు చుక్కాని పట్టేది వెనక బిగించిన గాలి రెక్క, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. మనిషి పడిపోయాడని దానికేం తెలుసు? పడవ అదే దారిలో అదే వేగంతో వెళ్లిపోతుంది, వెనక్కి తిప్పేవాళ్లు ఉండరు, ఎంత ఈత వచ్చినా దాన్ని అందుకోలేరు. అందుకే ఒంటికి హార్నెస్ (భుజాలకు, ఛాతీకి బిగించే పట్టీలు), దానికో తాడు, ఆ తాడు కొక్కెం డెక్ పొడవునా లాగి కట్టిన పట్టీకి. ఎండ కాసే ప్రశాంతమైన రోజున ఒక్క నిమిషం పనికి బయటికొచ్చినా సరే, కొక్కెం తగిలించాకే అడుగు వేయాలి. మీ తమ్ముడికి ఆ అలవాటు వచ్చిందో లేదో చూడండి, ధైర్యం సంగతి తర్వాత.

ఇక నిద్ర. దూరంగా నీటి అంచున కనబడిన ఓడ ఇరవై నిమిషాల్లో మీదికి వచ్చేయగలదు, అలలు ఎత్తుగా ఉంటే మా రాడార్‌లో చిన్న పడవ సరిగా కనబడదు కూడా. ఓడలు తిరిగే చోట కాస్త కునుకు, లేచి చుట్టూ చూడడం, మళ్లీ కునుకు, రాత్రంతా ఇదే వరస. ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల జాడ రేడియోలో తెలిపే పరికరం) అలారాలు వచ్చాక కొంత నయం.

చంద్రగిరి_కుర్రోడు:
అభిలాష్ టామీ గారి గురించి అమ్మకు చెప్పండక్కా. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా చుట్టి వచ్చిన తొలి భారతీయుడు, 2012-13లో. 2018లో, ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో తుఫానుకు పడవ పల్టీ కొట్టి తెరచాప స్తంభం విరిగింది, వెన్ను దెబ్బతిని ఆయన లేవలేకపోయారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ అక్కడికి దాదాపు 3,500 కిలోమీటర్లు. పడుకున్న చోటి నుంచే సందేశాలు పంపి సాయం అడిగారు, మూడో రోజున ఫ్రెంచ్ ఓడ ఒసిరిస్ వచ్చి కాపాడింది. వెన్నులో టైటానియం రాడ్లు వేయించుకుని, మళ్లీ నడక నేర్చుకుని, 2022లో అదే రేసుకు వెళ్లి 236 రోజుల్లో రెండో స్థానంలో వచ్చారు. మొదటి స్థానం కిర్‌స్టెన్ నోయిషేఫర్‌ది. ఆమె దారిలో ఆగి, పడవ మునిగి లైఫ్ రాఫ్ట్‌లో (గాలి నింపిన ప్రాణరక్షక తెప్పలో) ఉన్న తోటి పోటీదారు టాపియో లెహ్టినెన్‌ను కాపాడి మరీ గెలిచింది!

నాకు భయం వేసేది మాత్రం మనసు గురించి. 1968 నాటి తొలి గోల్డెన్ గ్లోబ్ రేసులో తొమ్మిది మంది బయలుదేరితే పూర్తి చేసింది రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కరే, అదీ మన ముంబైలో కట్టిన సుహైలీ అనే పడవలో, 312 రోజులకు. అదే రేసులో డొనాల్డ్ క్రౌహర్స్ట్ ఎక్కడున్నాడో తప్పుడు కబుర్లు పంపుతూ, నిజం చెప్పలేక నలిగిపోయాడు. చివరికి ఖాళీ పడవ దొరికింది. కష్టం వస్తే దాచుకునే స్వభావమా మీవాడిది? దాటేస్తాడన్నారు కాబట్టి అడుగుతున్నా.

విశాఖలో_తిరుపతోడు:
ఒక్కసారిగా ఒంటరిగా ఎవరూ పోరు. ముందు హుస్సేన్ సాగర్‌లో చిన్న పడవ మీద నేర్చుకోమనండి, తర్వాత పెద్ద పడవల్లో ఇతరుల కింద పనిచేయాలి. దిలీప్ దోండే గారు 2009-10లో ఒంటరిగా చుట్టి వచ్చిన తొలి భారతీయుడు, ఆయనకు ఒడ్డు మీద సాయంగా ఉన్నది ఈ అభిలాష్ గారే. 2017-18లో తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి 254 రోజులు తిరిగొచ్చిన ఆరుగురు నేవీ ఆడపిల్లల్లో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. అది ఒంటరి ప్రయాణం కాదు, కానీ అమ్మకు చూపించండి.

తిరుచానూరు_అక్క:
అందరికీ థ్యాంక్స్. తమ్ముడికి చదివి వినిపించాను, క్రౌహర్స్ట్ దగ్గర మాట్లాడకుండా ఉండిపోయాడు. హైదరాబాద్‌లో నేర్చుకునే సంగతి కనుక్కుంటానన్నాడు. అమ్మ అడుగుతోంది, అన్ని నెలలు తాగే నీళ్లు ఎలా?

పలమనేరు_నావికుడు:
ట్యాంకుల్లో కొంత తీసుకెళ్తారు, మిగతాది వాన. తెరచాప మీద పడి జారే నీళ్లు కింద బకెట్‌లోకి పడతాయి, ముందు వచ్చేవి ఉప్పగా ఉంటాయి కాబట్టి పారబోసి, ఆ తర్వాతవి నింపుకుంటారు.