బిస్కుపిన్ కోటను కట్టినవారు స్లావులేనా?

సరస్సుగట్టు:
పోలండ్‌లో పోజ్నాన్ నగరానికి ఈశాన్యంగా, ఒక సరస్సు ఒడ్డున, బిస్కుపిన్ అనే చిన్న పల్లె ఉంది. 1933లో సరస్సు నీరు తగ్గి కర్రల మొనలు బయటపడగా, స్థానిక బడిపంతులు వాలెంటి ష్వైట్సర్ వాటిని గమనించారు. మరుసటి ఏడాది తవ్వకాలు చేపట్టిన పోలిష్ పురావస్తు శాస్త్రవేత్త యూజెఫ్ కొస్త్‌షెఫ్‌స్కీ, అది స్లావుల (పోలిష్, రష్యన్ వంటి భాషలు మాట్లాడే ప్రజల) పూర్వికులు కట్టుకున్న ఊరని వాదించారు. ఆ వాదన ఇప్పటికీ సబబేనని నా అభిప్రాయం. అంత పెద్ద జనసమూహం ఆనవాలు లేకుండా మాయమైందని నమ్మడం కష్టం.

పాతరాయి:
మాయమైందని ఎవరూ అనడం లేదండీ. ఆ దుంగలు మనకు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పలేవో వేరు చేసి చూడాలి. ఓక్ చెట్ల వలయాలను లెక్కించి, ఆ కలపలో సగానికి పైగా క్రీ.పూ. 738-737 చలికాలంలోనే నరికినదని తేల్చారు. దుంగలు పరిచిన వీధులు, వాటి వెంట ఒకే కొలతతో వరుసగా నూరుకు పైగా ఇళ్లు, ప్రతి ఇంటి గుమ్మమూ దక్షిణానికే, లోపల రాతి పొయ్యి, అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా ఏటవాలుగా దిగ్గొట్టిన వేల గుంజలు: ఊరంతా ఒక్కసారిగా, ఒకే పథకంతో లేచిందని ఇవన్నీ చెబుతాయి. ఆ ఇళ్లలో ఏ భాష మాట్లాడారో మాత్రం చెప్పవు. స్లావుల పేరు గ్రంథాల్లో స్పష్టంగా కనిపించేది క్రీ.శ. 6వ శతాబ్దంలో, నడుమ పన్నెండు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది.

సరస్సుగట్టు:
భాషకు రుజువు లేదంటే ఒప్పుకుంటాను. అయితే డీఎన్ఏ పరీక్షలతోనైనా తేలదా?

పాతరాయి:
అక్కడే చిక్కుంది. ఈ ఊరు కట్టినవారు లుసేషియన్ సంస్కృతికి (మధ్య ఐరోపాలో కంచు యుగం చివర, ఇనుప యుగం మొదట్లో ఉన్న సంస్కృతికి పురావస్తు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు) చెందినవారు; వారు చనిపోయినవారిని దహనం చేసి, అస్థికలను కుండల్లో పెట్టి పాతేవారు. కాలిన ఎముకలో డీఎన్ఏ దాదాపు మిగలదు. ఇక కొస్త్‌షెఫ్‌స్కీ విషయానికొస్తే, ఆయన బెర్లిన్‌లో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త గుస్తాఫ్ కొసినా శిష్యుడు. కుండల తీరును బట్టి జాతిని నిర్ణయించే పద్ధతితో గురువు ఆ నేలంతా జర్మన్లదన్నాడు, శిష్యుడు అదే పద్ధతితో స్లావులదన్నాడు. 1939లో పోలండ్‌ను ఆక్రమించాక నాజీలు ఊరి పేరును ఉర్‌ష్టెట్ అని మార్చి, హాన్స్ ష్లైఫ్ చేత మళ్లీ తవ్వించారు. పద్ధతే తప్పైనప్పుడు ఇద్దరిలో ఒకరిని సమర్థించడం నాకు కుదరదు. ఆ గుంజలు దిగ్గొట్టినవారిని లుసేషియన్ సంస్కృతివారనడం దగ్గరే ఆగుతాను.