గట్టిగా ఉన్న వంతెనను వరద నివారణ పథకంలో ఎందుకు కూలుస్తారు?

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటి పక్క వాగు మీద ఉన్న రోడ్డు వంతెనను వరద నివారణ పనుల్లో భాగంగా కూల్చి, ఇంకా ఎత్తుగా, ఇంకా పొడవుగా కొత్తది కడతామంటున్నారు. పాతదానికి ఒక్క పగులు కూడా లేదు, నిండు లోడు లారీలు రోజూ దాని మీదుగానే వెళ్తున్నాయి. వందేళ్ళకు ఒకసారి వచ్చే వరద కోసం ఇంత శ్రమ అవసరమా, వాగును వెడల్పు చేసి పూడిక తీస్తే సరిపోదా? రోడ్డు ఎత్తు పెరిగితే మా గుమ్మం పల్లంలో పడుతుందన్న భయం కూడా ఉంది. తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు: మీ వంతెన బరువును మోయగలదు, సందేహం లేదు. అయితే ఈ పథకంలో చూసేది దాని కింద నుంచి ఎంత నీరు పోగలదన్న సంగతి. నీటిమట్టం దూలాల అడుగును తాకనంత వరకు ప్రవాహం మామూలుగానే సాగుతుంది. తాకిన క్షణం నుంచి ఆ వంతెన నిండా మునిగిన తూములా పనిచేస్తుంది. తూము గుండా పోయే నీటిని రెట్టింపు చేయాలంటే ఎగువ, దిగువ మట్టాల మధ్య తేడా నాలుగు రెట్లు పెరగాలి కనుక, పోలేని నీరంతా వెనక్కు ఎగదన్ని ఎగువ వీధుల్లోకి చేరుతుంది. దీనికి తోడు కొట్టుకొచ్చిన చెట్లూ చెత్తా స్తంభాల మధ్య చిక్కుకుంటే నీరు పోయే కానాలు, అంటే స్తంభాల మధ్య ఖాళీలు, కూడా మూసుకుపోతాయి. అందుకే కొత్త వంతెనలను వీలైనంత వరకు వాగు మధ్యలో స్తంభం లేకుండా కడతారు. వాగును ఎంత వెడల్పు చేసినా ఈ ఒక్క చోట గొంతు ఇరుకుగానే మిగిలితే ఆ తవ్వకంలో చాలా భాగం వృథా అవుతుంది. కెనడాలోని విన్నిపెగ్ నగరాన్ని కాపాడే వరద మళ్లింపు కాలువ 1968లో పూర్తయింది. 1997 నాటి పెద్ద వరద తరువాత దానిని విస్తరించినప్పుడు తవ్వకంతో పాటు కాలువ మీది వంతెనల పని కూడా చేయవలసి వచ్చింది.

ఇక వందేళ్ళ వరద అన్న మాట చాలామందిని పొరపాటు పడేలా చేస్తుంది. ఏ సంవత్సరంలోనైనా వచ్చే అవకాశం 1 శాతం ఉన్న వరద అని దాని అర్థం. ఆ లెక్కన 30 ఏళ్ళు అక్కడే నివసించే కుటుంబం దానిని కనీసం ఒక్కసారి చూసే అవకాశం దాదాపు 26 శాతం.

రెండవ జవాబు: పూడిక తీయడం గురించి ఒక్క మాట చేర్చాలనిపించింది. పాత వంతెనల పునాదులు చాలా చోట్ల లోతు తక్కువగా ఉంటాయి; వాగు అడుగును తవ్వి దించితే ఆ పునాదుల చుట్టూ ఉన్న మట్టి పోతుంది, ఆ పైన వచ్చే ఉధృతి మిగిలిన దానిని కోసేస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహరీ వాగు మీది వంతెన 1987 ఏప్రిల్ 5న సరిగ్గా ఇలాంటి కోత వల్లనే కూలింది, 10 మంది ప్రాణాలు కోల్పోయారు. పునాది లోతు తెలుసుకోకుండా వంతెన కింద తవ్వమని దయచేసి ఎవరూ ఒత్తిడి చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. వంతెన మార్చడం అవసరమేనని అర్థమైంది. మరి గుమ్మం సంగతి ఏమిటండీ? ఈ పథకం మీద జరిగే సమావేశానికి వెళ్ళి ఏమి అడగాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు: మీ భయం న్యాయమైనదే, నా దృష్టిలో ఈ చర్చ అంతటిలోనూ ముఖ్యమైనది అదే. వంతెన పై మట్టం పెరిగితే రెండు వైపులా వంతెన మీదికి ఎక్కే అప్రోచ్ రోడ్డు ఎత్తు కూడా పెరుగుతుంది, అది కట్టలా నిలిచి మీ వైపు వాన నీటిని ఆపగలదు. కాబట్టి రోడ్డు పొడవునా ఎత్తులు చూపే నిలువుకోత పటం అడిగి, మీ గుమ్మం మట్టాన్ని అందులో గుర్తించమనండి. పక్క కాలువల నీరు ఎటు పోతుందో, వరద సమయంలో అది వెనక్కు తన్నకుండా ఏ ఏర్పాటు ఉందో అడగండి. దూలాల మందం తగ్గించగలిగితే అడుగున అంతే ఖాళీ ఉంచుతూ రోడ్డు ఎత్తును కొంత తగ్గించవచ్చు, ఆ అవకాశం పరిశీలించారా అని కూడా తెలుసుకోండి.

పనుల వరుస గురించి తప్పక అడగండి. సాధారణంగా దిగువ నుంచి ఎగువకు రావాలి. ఎగువ వంతెనను ముందు తెరిస్తే ఇంతవరకు అక్కడ ఆగిన నీరు దిగువనున్న ఇరుకు చోట్ల మీద పడుతుంది. నిర్మాణానికి వాగులో వేసే తాత్కాలిక మట్టికట్టలను, ఆధారాలను వానాకాలానికి ముందే తీసేస్తారా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. నీటి గొట్టాలూ కేబుళ్ళూ పాత వంతెననే పట్టుకుని ఉంటాయి, వాటిని మార్చడంలోనే తరచూ ఆలస్యం జరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: మా గుమ్మం మట్టాన్ని సమావేశానికి ముందే కొలిపించి, నిలువుకోత పటం పక్కన పెట్టి చూస్తాను. దిగువన ఇంకా రెండు పాత వంతెనలున్నాయి. వాటిని ఎప్పుడు మారుస్తారన్నదే నా మొదటి ప్రశ్న అవుతుంది.