మీటర్‌లో 155 దాటట్లేదు, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ (ఏ1సీ) మాత్రం 7.8. ఏది నమ్మాలి?

అమ్మకి 54 ఏళ్లు, కొత్తగా షుగర్. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా. మీటర్‌లో పరగడుపున 100–115, తిన్న రెండు గంటలకి 140–155. తెల్లవారుజామున 3కి చూసినా 110 లోపే. ఏ1సీ మాత్రం 7.8. అంటే సగటు 177 ఉండాలి (28.7తో గుణించి 46.7 తీసేస్తే వచ్చేది). మీటర్‌లో ఆ అంకె ఒక్కసారీ కనబడలేదు. మందు మొదలై నాలుగు నెలలు దాటాకే ఈ పరీక్ష, కాబట్టి పాత షుగర్ లెక్కలోకి వచ్చిందనుకోలేం.

మీటర్ తప్పా అంటే, ల్యాబ్‌లో రక్తం ఇచ్చిన వెంటనే పక్కనే కూర్చుని వేలి చుక్కతో చూశాం: ల్యాబ్ 108, మీటర్ 112. స్ట్రిప్పులకి గడువుంది, చేతులు కడిగి ఆరాకే గుచ్చుతున్నాం. ఏ1సీ వేరే ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో చేయిస్తే 7.7. అక్కడా తేడా లేదు.

నా అనుమానం రక్తహీనత మీద. హిమోగ్లోబిన్ 8.9, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. ఐరన్ తక్కువైతే ఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. పైగా ఐరన్ మాత్రలు పడ్డాక కొత్త ఎర్రకణాలొచ్చి అదే దిగుతుంది, అప్పుడు షుగర్ తగ్గిందని మురిసిపోవడానికీ లేదు. క్రియాటినిన్, థైరాయిడ్, అల్బుమిన్ మామూలే. డాక్టరుగారు ఏ1సీ చూసి మందు పెంచుదామంటున్నారు.

గత రెండు మూడు వారాల షుగర్ చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష చేయించి, దాన్నిబట్టి మందు పెంచాలో వద్దో ఆయనతో మాట్లాడటం ఇలాంటి కేసులో సరైన దారేనా?