బీమ్ కింద ప్లాస్టరింగ్ పగులు మళ్లీ మళ్లీ తెరుచుకుంటోంది

మాది కాకినాడలో 2016లో కట్టిన డాబా ఇల్లు, ఎర్ర ఇటుక గోడలు. పడమటి గోడకి బయటవైపు, బీమ్, ఇటుక కలిసే చోట 9 అడుగుల పొడవున అడ్డంగా పగులు వచ్చింది, రూపాయి బిళ్ల అంచు దూరేంత. పోయిన మార్చిలో క్రాక్ ఫిల్లర్ పెట్టించి ఎక్స్‌టీరియర్ పెయింట్ రెండు కోటింగ్‌లు వేయించాను. ఆగస్టు వానలకే అదే గీత మీద మళ్లీ తెరుచుకుంది. తర్వాత వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కూడా కొట్టించాం, అదేమో బుడగలు కట్టి పొరలుగా ఊడిపోతోంది, వాన పడిన రెండో రోజుకి లోపల బెడ్‌రూమ్ గోడ మీద చెమ్మ మరక కనిపిస్తోంది. పైపు లీకేజీ కాదు, ఆ గోడలో పైపులే లేవు.

పగులు కింద అడుగున్నర మేర నాణెంతో కొడితే డొల్ల శబ్దం వస్తోంది, మిగతా గోడ గట్టిగానే ఉంది. కట్టేటప్పుడు ఆ జాయింట్‌లో చికెన్ మెష్ (ప్లాస్టరింగ్ కింద బిగించే సన్నటి ఇనుప వల) వేయలేదని ఇప్పుడే తెలిసింది, అసలు కారణం అదేనని నా అనుమానం. ఒక మేస్త్రీ గోడ మొత్తం చెక్కేయాలంటున్నాడు, ఇంకొకాయన డొల్ల ఉన్నంత వరకే కొట్టి, మెష్ బిగించి మళ్లీ ప్లాస్టరింగ్ చేస్తే చాలంటున్నాడు. ఈ వానాకాలం లోపు పని అయిపోవాలి, టెన్షన్‌గా ఉంది.

ఇలా జాయింట్ దగ్గర మాత్రమే కొట్టి మెష్ వేయించినవాళ్లకి ఆ పగులు మళ్లీ రాకుండా ఆగిందా?