ప్రాణం పోయింది వరంగల్‌లో, ఊరు ములుగు దగ్గర: మరణం ఎవరి లెక్కలోకి వస్తుంది?

ములుగు రైతుబిడ్డ
మా బాపు పోయిన నెల వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో కాలం చేశాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రైతుబీమాకు మరణ ధ్రువపత్రం కావాలని అడిగితే మా పంచాయతీ కార్యదర్శి ఇక్కడ నమోదు కుదరదు, వరంగల్‌లోనే తీసుకోవాలి అంటున్నాడు. పట్టా పాసుబుక్కు, ఓటరు కార్డు అన్నీ ఈ ఊరివే కదా! ఇంకో మాట. మా వాడలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లు ఇంకా ఉన్నారు. అందరూ వరంగల్, హైదరాబాద్ ఆసుపత్రుల్లోనే పోయారు. మరి మా ఊరి లెక్కలో వాళ్లు ఉన్నట్టా, లేనట్టా?

కార్యదర్శి (పరకాల వైపు)
తమ్ముడూ, మీ కార్యదర్శి చెప్పింది సరైనదే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రాణం ఎక్కడ పోతే నమోదు అక్కడే. ఇంట్లో పోతే ఇంటిపెద్ద చెప్పాలి, ఆసుపత్రిలో పోతే ఆసుపత్రే పంపాలి. 21 రోజుల్లోపు అయితే ఫీజు లేదు. ఆ తర్వాత ఆలస్య రుసుము, నెల దాటితే పైఅధికారి అనుమతి. ఏడాది దాటితే ఇంతకుముందు కోర్టుకు పోవాల్సి వచ్చేది. 2023 అక్టోబరు నుంచి కలెక్టరు, ఆర్డీవో స్థాయిలోనే ఉత్తర్వు ఇస్తున్నారు. సర్టిఫికెట్ ఎక్కడ ఇచ్చినా అందులో మీ ఊరి చిరునామా ఉంటుంది, బీమాకు చెల్లుతుంది. టెన్షన్ పడకు.

గణాంకాల ఉద్యోగి, హనుమకొండ
రెండో ప్రశ్న అసలైనది. మరణ నివేదిక ఫారంలో రెండు భాగాలుంటాయి. ఒకటి చట్టపరమైనది, సర్టిఫికెట్ దాన్నుంచే వస్తుంది. రెండోది గణాంకాల కోసం. వృత్తి, అందిన వైద్యం, మరణ కారణం, పొగాకు అలవాటుతో పాటు చనిపోయిన మనిషి నిజంగా నివసించిన ఊరు ఏదో అందులో అడుగుతారు. అది చనిపోయిన చోటు కానక్కర్లేదని ఫారం మీదే అచ్చువేసి ఉంటుంది. మీ బాపును మీ ఊరికి లెక్కగట్టేది ఆ ఒక్క గడితోనే.

లెక్క పాడయ్యేది కూడా అక్కడే. శవాన్ని ఎలా తీసుకుపోవాలా అని అందరూ తల్లడిల్లుతుంటే గుమస్తా వచ్చి అడ్రసు అడుగుతాడు. ఎవరో ఒకరు వైద్యం కోసం హనుమకొండలో తీసుకున్న అద్దె గది అడ్రసు చెప్పేస్తారు. అంతే, మనిషి హనుమకొండ వాసి అయిపోతాడు. వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు ఏటూరునాగారం, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి ఎంతమంది వస్తారో మనకు తెలుసు. పోయిన చోటునే పట్టుకుంటే వరంగల్‌లో చావులు ఎక్కువ, ములుగులో అందరూ ఆరోగ్యవంతులు అన్నట్టు కనిపిస్తుంది. అది చూసి డయాలసిస్ కేంద్రం ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తే నష్టపోయేది మీ ఊరే.

పాత లెక్కలతో పోల్చేటప్పుడూ జాగ్రత్త. 2016లో ఉమ్మడి వరంగల్ విడిపోయింది, 2019లో ములుగు వేరే జిల్లా అయింది, 2021లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ జిల్లాల పేర్లు, హద్దులు మారాయి. వరంగల్ జిల్లా అన్న పేరు కింద ఏటేటా ఒకే నేల లేదు.

తాడ్వాయి అక్క
మా చిన్నమ్మ అంబులెన్సులోనే దారిలో పోయింది. ఈ ఆఫీసు వాళ్లు అక్కడికి పొమ్మంటారు, ఆ ఆఫీసు వాళ్లు ఇక్కడికి. ఏం చేయాలి?

కార్యదర్శి (పరకాల వైపు)
అక్కా, దానికీ నియమం ఉంది. నడుస్తున్న బండిలో పోతే, బండి మొదట ఆగిన చోట నమోదు. డ్రైవరో, బండి బాధ్యుడో సమాచారం ఇవ్వాలి. బండి ఎప్పుడు ఎక్కడికి పోయిందో రాసే ట్రిప్ షీటు కాపీ ఉంటే తీసుకుని పో.

జగిత్యాల
గల్ఫ్‌లో పోయినవాళ్లదీ ఇదే బాధ. శవం శంషాబాద్‌లో దిగుతుంది, దహనం ఊళ్లో అవుతుంది, పంచాయతీలో మాత్రం నమోదు కాదు. అక్కడి మన కాన్సులేట్‌లో నమోదైన కాయితమే ఆధారం. శవం పంపేటప్పుడే అడిగి తెప్పించుకోండి, తర్వాత చాలా కష్టం.

ములుగు రైతుబిడ్డ
సార్, అడ్రసు తప్పు పడితే మార్చొచ్చా? బాపు జబ్బు పేరు సర్టిఫికెట్‌లో ఉంటుందా?

గణాంకాల ఉద్యోగి, హనుమకొండ
ఆధారాలు చూపితే నమోదు చేసిన రిజిస్ట్రారే సరిదిద్దుతాడు. జబ్బు పేరు సర్టిఫికెట్‌లో ఉండదు, చట్టమే వద్దంటుంది. కానీ 2023 సవరణ తర్వాత, ఆసుపత్రిలో పోతే మరణ కారణం రాసిన వైద్య ధ్రువపత్రం ప్రతిని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి, ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే. అడిగి తీసుకో. మీ వాడలో మిగతా ఇళ్లవాళ్లకూ చెప్పు. ఆ కాయితాలు పట్టుకుని ఏఎన్ఎంను, పీహెచ్‌సీ డాక్టరును కలవండి. ఇంతమందికి కిడ్నీ జబ్బు రావడానికి తాగే నీళ్లే కారణమేమో, మీ ఊరి నీళ్లు పరీక్ష చేయించమని అడగడానికి అవి చాలు.