సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలోంచి పాత నాణేన్ని గీత పడకుండా తీయడం ఎలా?

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట నుంచి)

మా నాన్నగారు పోయిన తరువాత ఆయన దాచిన నాణేలు నా చేతికి వచ్చాయి. రెండింటి విషయంలో నాకు సలహా కావాలి. ఒకటి, ఐదో జార్జి బొమ్మ ఉన్న 1911 నాటి వెండి రూపాయి. రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనబడుతోందని ఆక్షేపణ రావడంతో 1912లో బొమ్మను దిద్దారని మీ అందరికీ తెలిసిందే. అది విదేశీ గ్రేడింగ్ సంస్థ (నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చి చెప్పే సంస్థ) వారు చీటీతో సహా సీలు వేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, అంటే స్లాబులో ఉంది. రెండోది, 1969 గాంధీ శతజయంతి పది రూపాయల నాణెం. దీన్ని ఎవరో మెత్తటి ప్లాస్టిక్ కవరులో పెట్టి అంచులు వేడితో అతికించారు. రెండింటినీ బయటకు తీసి, కాటాలో తూచి, అంచులు చూసి, మిగతా వాటి పక్కన పెట్టాలని నా కోరిక. చాకును వేడి చేసి కోస్తే సరిపోతుందని మా బావగారు అంటున్నారు. అలా చేయవచ్చునా?

మొదటి సమాధానం (విజయవాడ, వన్‌టౌన్)

వేడి చాకు మాత్రం వద్దండి. కరిగిన ప్లాస్టిక్ వెండికి అంటుకుంటే దాన్ని వదిలించడం నాణేన్ని పాడుచేయడమే అవుతుంది. అసలు ఆ రూపాయిని తీయవలసిన అవసరమేమిటో ముందు ఆలోచించండి. స్లాబు రెండు ముక్కలను అల్ట్రాసోనిక్ పద్ధతిలో ఒకటిగా కలిపేస్తారు కాబట్టి, ఒకసారి పగిలితే మళ్లీ మూయడం కుదరదు. లోపలి చీటీ మీకే మిగిలినా సంస్థ ఇచ్చిన హామీ పోతుంది. చీటీ మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. బరువు సంగతంటారా, ఆ రూపాయి 11.66 గ్రాములు తూగాలి. మన పెద్దలు తులమన్నది ఆ ఎత్తునే. 1911 రూపాయిని ఎప్పటికైనా అమ్మే ఆలోచన ఉంటే స్లాబును అలాగే ఉంచమని నా గట్టి అభిప్రాయం.

రెండో సమాధానం (గుంటూరు)

తీయక తప్పదనుకుంటే నేను అనుసరించే పద్ధతి చెబుతాను. ముందుగా రెండు వైపులా ఫొటోలు తీసి, నంబరు రాసుకోండి. కళ్లద్దాలు పెట్టుకుని, బల్ల మీద మందపాటి తువ్వాలు పరచి, కటింగ్ ప్లయరుతో స్లాబు మూలలను మాత్రమే కొద్దికొద్దిగా కొరుకుతూ పోతే అతుకు విడుతుంది. పనిముట్టు మొన ఎప్పుడూ నాణేనికి ఎడంగా, బయటి వైపుకే ఉండాలి. నాణెం ఉన్న చోట సుత్తితో కొట్టకూడదు. అతుకు విడిన తరువాత నాణేన్ని పట్టుకున్న రింగును మెల్లగా వంచి, రూపాయిని అంచుల దగ్గర పట్టి ఎత్తాలి. ప్లాస్టిక్ పెళ్లలు నాణెం మీద పడితే గుడ్డతో తుడవకండి, అవే గీతలు పెడతాయి. నాణేన్ని వాల్చి రాలగొట్టండి.

మూడో సమాధానం (విజయవాడ)

నన్నడిగితే స్లాబు కన్నా మెత్తటి కవరులో ఉన్న నాణెం సంగతే ముందు చూడాలి. అలాంటి మెత్తని కవర్లు చాలావరకు పీవీసీతో చేసినవి; మన కృష్ణాతీరపు ఎండకూ ఉక్కకూ అది విచ్ఛిన్నమై ఆమ్లాన్ని వదులుతుంది. 1969 నాణెం 15 గ్రాముల బరువులో వెండి 80 శాతమే, మిగతాది రాగి కాబట్టి, ఆకుపచ్చ జిగురు కనబడితే ఆలస్యం చేయకండి. నాణెం ఒక వైపుకు జరిగేలా కవరును వంచి, ఎదుటి అతుకు వెంట కత్తెరతో కోసి, కవరును పుస్తకంలా విప్పండి, నాణేన్ని ఈడ్చవద్దు.

జిగురు ఉంటే ల్యాబ్ కెమికల్స్ అమ్మే దుకాణంలో స్వచ్ఛమైన అసిటోన్ తెచ్చి, గాజు గిన్నెలో పోసి, కొన్ని నిమిషాలు ముంచి, కొత్త ద్రవంలో మరోసారి ముంచి ఆరనివ్వండి. గోళ్ల రంగు తీసే ద్రవంలో నూనెలూ రంగులూ ఉంటాయి గనుక అది పనికిరాదు. అసిటోన్ చటుక్కున అంటుకుంటుంది. కిటికీలు తీసి, దీపమూ పొయ్యీ లేని చోట ఈ పని చేయండి. స్లాబు మీద చుక్క కూడా పడనీయవద్దు, ఆ ప్లాస్టిక్ కరుగుతుంది. ఇక ఇంట్లో వెండి సామాను తోమినట్టు చింతపండుతోనో విభూతితోనో తోమడం మాత్రం ఎంతమాత్రం తగదు. పోయిన మెరుపు మళ్లీ రాదు.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. రూపాయిని స్లాబులోనే ఉంచాను. గాంధీ నాణెం అంచు దగ్గర నిజంగానే ఆకుపచ్చ జిగురు ఉంది. రెండుసార్లు ముంచితే పోయింది, కింద రెండు చిన్న గుంటలు మిగిలాయి. తూచి చూస్తే 15 గ్రాములకు ఏమాత్రం తేడా లేదు. నాణేన్ని మైలార్ (పీవీసీ లేని పాలియెస్టర్) కవరులోకి మార్చాను. పాత కవరు మీద నాన్నగారు కొన్న తేదీని తమ చేతిరాతతో రాసుకున్నారు గనుక, ఆ ముక్కను మాత్రం నాణేనికి తగలకుండా వేరే డబ్బాలో పెట్టాను.