అప్‌డేట్: గాలి కారే పాత తిత్తి శ్రుతి పట్టింది

పొదిలి వైపు వీధిభాగోతాలకు శ్రుతి పట్టిన పాత మేకతోలు తిత్తి (ఊది గాలి నింపితే ఒకే శ్రుతి పలికే తోలుసంచి వాయిద్యం) గురించి ఇంతకుముందు అడిగాను కదా: గాలి నిలవట్లేదు, శ్రుతి దిగిపోతోంది అని. రెండూ కుదిరాయి.

తోలు మార్చమన్నారు చాలామంది. అక్కర్లేకపోయింది. ఊది సబ్బునురుగు రాస్తే బుడగలు ముందుకాలి కట్టు (మేకతోలులో ముందుకాలి చోటు మూసిన కట్టు) దగ్గరే వచ్చాయి. ఎండుతోలు మీద కట్టు బిగిస్తే చిట్లుతుంది. అందుకే రాత్రంతా తడిగుడ్డ చుట్టి, పొద్దున గాడి తీసిన చెక్క బిరడా లోపల పెట్టి, తేనెమైనం పట్టించిన నూలుతాడు ఎనిమిది చుట్లు వేశాం. పైన ఆముదం పలచగా, అరచేత్తో. పీకకు (గాలికి ఆడే నాలుక ఉన్న, శ్రుతి పలికే ముక్క) మాత్రం నూనె తగలకూడదు.

అసలు పని పీక దగ్గరే. నాలుక కొసన ఆవగింజంత మైనం పెడితే శ్రుతి దిగుతుంది, ఆ మైనం గీకేస్తే ఎక్కుతుంది. నాలుక మొదట్లో దారం చుట్టును కొసవైపు జరిపినా ఎక్కుతుంది, ఎందుకంటే ఆడే భాగం పొట్టిదవుతుంది. గట్టిగా ఊదగానే పీక నోరు మూసుకుపోతే, నాలుక కింద ఒక్క వెంట్రుక అడ్డం పెట్టండి, తెరుచుకుంటుంది. హార్మోనియం పక్కన పెట్టుకుని ఒకటిన్నర శ్రుతికి తెచ్చాం.

అరగంట ఊదాక ఊపిరి తేమకు మళ్లీ కాస్త దిగుతుంది. పీక తీసి నీడన ఆరబెట్టడమే, ఎండలో పెడితే నాలుక వంకరపోతుంది.

ఊదుగొట్టం లోపలి తోలురెక్క ఇంకా సరిగా మూసుకోవట్లేదు, గాలి నోట్లోకి తంతోంది. పలచటి గొర్రెతోలుతో కొత్తది కోయాలి. తిత్తిని అటకమీద పెట్టొద్దు, ఎలుకలు ముందు కట్లే కొరుకుతాయి.